చెయ్యి పెట్టి చూపించని నొప్పి

నొప్పి ఎక్కడని ఎవరడిగినా మా యమున నడుం చూపించేది. మాస్టారడిగినా నడుమే, వాళ్ళమ్మ అడిగినా నడుమే, ఊళ్ళో సూదిమందు వేసే ఆయన అడిగినా నడుమే. నొప్పి నడుంలో లేదు. ఎక్కడుందో ఇద్దరికే తెలుసు. ఒకర్తి యమున, రెండోదాన్ని నేను. ఏడేళ్ళపాటు ఇద్దరం నోరు మూసుకున్నాం.

నా పేరు ధనలక్ష్మి. విజయనగరంలో కానిస్టేబుల్ని. యమున మా పిన్ని జగ్గమ్మ కూతురు, నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను అప్పా అని పిలుస్తుంది, మా వైపు అక్కని అలాగే అంటాం. పైడితల్లి పండక్కి తాడు పట్టుకుని జనాన్ని వెనక్కి నెట్టడం నాకు వచ్చు గానీ కథ చెప్పడం రాదు. కోపం మాత్రం బాగా వస్తుంది. అందులో సగం నా మీదే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

మా ఊరు నెల్లిమర్లకి దగ్గర. వరి వేస్తాం, గోగు వేస్తాం, వానలు మొండికేసిన ఏడు జూట్‌మిల్లు వైపు చూస్తాం. కానీ మా ఊరి పేరు చెబితే పంటల గురించి ఎవరూ అడగరు. "బరువులెత్తే ఊరు కదా" అంటారు. ఇంటికి ఒకరైనా ప్లేట్లు తొడిగిన ఇనప బార్ పట్టుకున్నవాళ్ళుంటారు. మెడల్ వస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగమో, పోలీసు ఉద్యోగమో, మిలటరీయో వస్తుంది. మడి చెక్క పెట్టలేని కూడు ఇనప ప్లేట్లు పెడతాయని మా ఊరి నమ్మకం. అది ఉత్త నమ్మకం కూడా కాదు. నా ఉద్యోగం అలా వచ్చిందే.

మాకు నేర్పింది గణపతిరావు మాస్టారు. మిల్లులో షిఫ్టు చేసుకుంటూ పొద్దున్నా సాయంత్రమూ ఊరి చివర రేకుల షెడ్డులో పిల్లలచేత బరువులెత్తించేవారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు. పైగా రాగులతో కాచిన చోడంబలి తాగి వచ్చే పిల్లలకి తన ఇంటి నుంచి గుడ్లు ఉడకబెట్టించి తెచ్చేవారు. ఆయన చెడ్డవాడైతే నాకీ కథ చెప్పడం తేలికయ్యేది.

స్నాచ్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. నేల మీదున్న బార్‌ని ఒక్క ఊపులో తలపైకి తీసుకెళ్ళాలి. చూసేవాళ్ళు అంతా చేతుల బలమే అనుకుంటారు. నిజానికి బార్ గాలిలో ఉన్న ఆ రెప్పపాటులో మనిషి దాని కిందికి దూరి, పిరుదులు మడమలకి తగిలేంత లోతుగా గొంతుక్కూర్చోవాలి. చేతులు పైన బిగిసి ఉండాలి. అక్కడి నుంచి బరువుతో సహా పైకి లేవాలి. మాస్టారు రోజూ అనేవారు.

"లాగడం ఎద్దు కూడా లాగుతాది. కూకోడమే ఇద్య."

యమున తొమ్మిదేళ్ళప్పుడు షెడ్డుకి వచ్చింది. సన్నగా ఉన్నా లాగుడు గట్టిగా ఉండేది. కూర్చోవడమే రాలేదు. సగం దిగేసరికి మడమలు లేచిపోయేవి, వెనక్కి పడిపోయేది. అలాంటి పిల్లలకి మా షెడ్డులో ఒక పద్ధతుంది. దాన్ని కీలు తెరవడం అంటారు. పిల్లని కూర్చోగలిగినంత మేరకి కూర్చోబెట్టి, ఆమె భుజాల మీద ఇంకో పిల్లని ఎక్కించి కూర్చోబెడతారు. మాస్టారు వంద లెక్కపెడతారు. కింది పిల్ల ఏడిస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మాస్టారికి వాళ్ళ గురువు అలాగే నేర్పారట, ఆయనకి ఇంకెవరో.

యమున భుజాల మీద కూర్చున్న పిల్లని నేను. నాకప్పుడు పదకొండేళ్ళు. పైనున్నవాళ్ళకి అది ఆటలా ఉంటుంది. కాళ్ళు ఊపుకుంటూ వంద దాకా నేను కూడా లెక్కపెట్టేదాన్ని.

ఆరు నెలల్లో కీలు తెరుచుకుందన్నారు. యమున కూర్చోవడం చూడటానికి పక్క ఊళ్ళ మాస్టార్లు కూడా వచ్చేవారు. పన్నెండేళ్ళకి జిల్లా మెడల్, పద్నాలుగేళ్ళకి రాష్ట్రం మెడల్. ఊళ్ళో మా ఇద్దరి గురించీ ఒకటే మాట. ధనలక్ష్మికి ఏదో ఒకటి దొరుకుతుంది, యమునకి మాత్రం రైల్వే ఖాయం. రైల్వే అంటే మా ఊరి కొలతలో అన్నిటికంటే పైది. ఒకసారి శ్రీకాకుళంలో పోటీలకని ఆమదాలవలసలో రైలు దిగాం. ప్లాట్‌ఫారం మీద నల్లకోటు వేసుకున్న ఒకావిడ నిటారుగా నిలబడి టికెట్లు చూస్తోంది. యమున మా గుంపుని వదిలేసి ఆవిడ పక్కకి వెళ్ళి, ఆవిడలాగే నిటారుగా కాసేపు నిలబడి వచ్చింది.

"నాను కూడా అలగే నిలబడతాను, సూడప్పా" అంది. ఆ రోజు నుంచి ఆమెకి కావలసింది అదొక్కటే.

పదిహేనో ఏట నొప్పి మొదలైంది. తెల్లారగట్ల ఇద్దరం షెడ్డుకి నడుస్తుంటే కల్వర్టు దగ్గర ఆగిపోయింది. ఏటయిందే అన్నాను. వెనకాముందూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, కుడిచెయ్యి గజ్జల్లో పెట్టింది.

"ఇక్కడప్పా. పైన కాదు, లోపల. కిందికి కూకుంటే తలుపు సందులో ఏలు పడినట్టు పట్టేస్తాది."

"మాస్టారికి సెప్పు మరి."

"ఏటని సెప్పను? ఇక్కడ సెయ్యెట్టి సూపించమంటావేటి?"

ఆడపిల్ల మగ మాస్టారి ముందు నడుం మీద చెయ్యి వేసుకోగలదు, మోకాలు చూపించగలదు. గజ్జల దాకా చెయ్యి పోదు. చూపించిందా, అది ఆడవాళ్ళ జబ్బు అవుతుంది. ఆ మాట షెడ్డు దాటి నూతి దగ్గరికి, నూతి దగ్గర నుంచి సంబంధాలు చూసేవాళ్ళ దాకా పోతుంది. అందుకని నడుం అంది. నాచేత ఒట్టు వేయించుకుంది. వేశాను.

ఒట్టు కోసమే ఊరుకున్నానని చెబితే అది అబద్ధం. యమున మానేస్తే మా నాన్న నన్నొక్కదాన్నీ చీకట్లో షెడ్డుకి పంపడు. ఆమె ఉంటేనే నా సాధన, నా సాధన ఉంటేనే నా ఉద్యోగం. అసలు సంగతి అది. పదిహేడేళ్ళకి నాకు ఆ మాత్రం లెక్క తెలుసు.

నొప్పి వచ్చిన పిల్ల పూర్తిగా కూర్చోదు కదా. మాస్టారు అది చూశారు.

"కీలు మళ్ళీ మూసుకుపోతన్నాది. తెరవాల. దనలక్ష్మీ, ఎక్కు."

ఎక్కాను. ఇప్పుడు పదకొండేళ్ళ పిల్లని కాదు, యాభై ఎనిమిది కిలోలున్నాను. నా కింద ఆమె భుజాలు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. ఎనభై దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టేది, ఏడిస్తే లెక్క మొదటికి వస్తుందని. దిగిపోవాలని నాకు అనిపించేది. ఒక్కసారి కూడా దిగలేదు. అలా ఒక చలికాలమంతా నడిచింది.

తరవాత జరిగినవి అందరి ఇళ్ళలో జరిగేవే. నువ్వులనూనె మర్దనా, నడుంకి బెల్టు, పోటీ ముందు నొప్పి సూది. విజయనగరంలో నడుంకి ఎక్స్‌రే తీయించారు. రెండేళ్ళ తరవాత ఇంకోటి తీయించారు. రెండింట్లోనూ నడుం లక్షణంగా ఉంది. ఉండక ఏం చేస్తుంది. ఎముకలో ఏమీ లేదన్నాక మాస్టారు ఇంకో మాటన్నారు. "గుంటకి మనసు నేదు." గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఆ మాట విని యమున మరో మూడేళ్ళు ఎత్తింది. దాన్ని పొగరనండి, పిచ్చనండి, నాకు మాత్రం మాస్టారి ఆ మాట మీద ఇప్పటికీ కోపమే.

ఈలోగా నాకు పోలీసు ఉద్యోగం వచ్చింది. నాకంటే రెండింతలు బాగా ఎత్తే పిల్ల ఊళ్ళోనే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి స్నాచ్ సంగతి అలా ఉంచండి, కుడికాలికి చెప్పు వేసుకోవాలంటే గోడ పట్టుకునేది. ఒకరోజు విజయనగరం కాంప్లెక్సులో బస్సు దిగుతూ మెట్టు మీద కాలు పట్టేసి అక్కడే నిలబడిపోయింది. వెనకున్నవాళ్ళు తిడుతున్నారు. డ్యూటీలో ఉన్న నేను వెళ్ళి చూస్తే మా యమున. ఆ వారమే సెలవు పెట్టి విశాఖ తీసుకెళ్ళాను.

డాక్టరు పేరు విజయ్‌కుమార్. నెమ్మదస్తుడు. నొప్పి ఎక్కడమ్మా అన్నాడు. యమున నడుం మీద చెయ్యి వేసింది.

"ఒసే, అబద్దాలు సాలు. సూపించు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, బయట నర్సు తొంగిచూసింది.

యమున నా వైపు చూసింది, తలుపు వైపు చూసింది. తరవాత బొటనవేలు తుంటి వెనక్కీ, మిగతా నాలుగు వేళ్ళు గజ్జల్లోకీ వచ్చేలా కుడి తుంటిని చేత్తో పట్టుకుంది. డాక్టరు తలూపాడు. ఈ నొప్పి ఉన్నవాళ్ళు చాలామంది సరిగ్గా అలాగే పట్టుకుని చూపిస్తారట. ఆ పట్టు చూస్తేనే సగం తెలిసిపోతుందట. ఏడేళ్ళలో ఏ డాక్టరు ముందైనా ఆ చెయ్యి ఒక్కసారి అక్కడికి పోయి ఉంటే సరిపోయేది. ఆమెని పడుకోబెట్టి, మోకాలు గుండెల వైపు మడిచి, పాదాన్ని బయటికి తిప్పాడు. యమున పెదవి కొరుక్కుంది. రక్తం వచ్చింది.

తుంటికి తీసిన ఎక్స్‌రే, స్కానింగ్ ఫిల్ములు వచ్చాక తెర మీద చూపించాడు. "తొడ ఎముక పైకొస బంతిలా ఉంటుంది. నడుం కింది ఎముకలో గిన్నెలాంటి గుంట ఉంటుంది, బంతి అందులో తిరుగుతుంది. బంతి కింద ఎముక సన్నగా మెడలా ఉండాలి. నీకు అక్కడ బుడిపె ఉంది. లోతుగా కూర్చున్నప్పుడల్లా ఆ బుడిపె వెళ్ళి గిన్నె అంచుకి గుద్దుకుంటోంది. దీన్ని హిప్ ఇంపింజ్‌మెంట్ అంటారు. గిన్నె అంచు చుట్టూ కుక్కర్ రబ్బరు లాంటిది ఒకటి ఉంటుంది. అది చిరిగింది."

"ఎందుకొస్తాదండి ఇది?" అంది యమున.

"కొందరికి ఎముక తీరే అంత. కొందరికి ఎదిగే వయసులో, ఎముక కొస ఇంకా లేతగా ఉన్నప్పుడు, రోజూ దాని మీద బరువు పడితే అక్కడ ఎముక అదనంగా పెరుగుతుంది. నీకు రెండూ కలిసి ఉండొచ్చు. బుడిపె ఉన్న అందరికీ నొప్పి రాదు. నొప్పి వచ్చినప్పుడు ఆపేస్తే చాలామంది బాగానే ఉంటారు. నొప్పి మొదలయ్యాక మీరేం చేశారు?"

అది చెప్పాల్సింది నేనే.

"నేను దాని భుజాల మీద కూర్చున్నానండి" అన్నాను.

డాక్టరుకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ ఒక మంగళవారం. తుంటి కోసి విప్పరట, రెండుమూడు చిన్న రంధ్రాలు చేస్తారట. కాలిని బల్లకి కట్టి, బంతికీ గిన్నెకీ మధ్య సందు వచ్చేదాకా లాగుతారు. ఒక రంధ్రంలోంచి కెమెరా, ఇంకోదాంట్లోంచి పనిముట్టు. బుడిపెని సన్నటి మరతో అరగదీసి మెడని మెడలా చేస్తారు. చిరిగిన రబ్బరుని ఎముకలో చిన్న మేకు దించి, దారంతో అంచుకి కుట్టేస్తారు. జగ్గమ్మ పిన్ని బయట బెంచీ మీద కూర్చుని, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పటికి ఆమెకి అంతా తెలుసు. మాస్టారితో సహా ఊళ్ళో అందరికీ మాత్రం నడుం ఆపరేషన్ అనే చెప్పి వచ్చింది.

మూడు గంటలయ్యాక డాక్టరు వచ్చి మమ్మల్ని లోపలికి పిలిచాడు. బుడిపె పోయింది, కుట్లు బాగా పడ్డాయి అన్నాడు. పిన్ని దండం పెట్టింది. అప్పుడు ఇంకోటి చూపించాడు. గిన్నె లోపలంతా తెల్లగా నున్నగా ఉంది. ఒక మూల మాత్రం గచ్చు లేచిపోయి ఇటుక కనబడినట్టు ఉంది.

"ఎముక మీద మెత్తటి పూత ఉంటుంది. ఇక్కడ అది పోయింది. బుడిపె నేను తీయగలను. పోయిన పూత తేలేను. నాలుగైదేళ్ళ ముందు వచ్చుంటే అది మిగిలేది. నడవచ్చు, మెట్లెక్కచ్చు, నిలబడి ఏ పనైనా చెయ్యచ్చు. బరువు పెట్టుకుని గొంతుక్కూర్చోవడం మాత్రం ఇంక వద్దు. కూర్చుంటే ముప్పై రాకముందే కీలు మార్చాల్సి వస్తుంది."

"మరి మడిలో ఊడుపులకి?" అంది పిన్ని. "కూకోడం, వంగోడం మానేస్తే మనిసి ఎలగ బతుకుతాది బావూ?"

వంటింట్లో గట్టు కట్టించండి, బాత్రూంలో కుర్చీలా ఉండేది పెట్టించండి అన్నాడు.

ఆరు వారాలు చంక కర్రలు. తరవాత నెలల తరబడి వ్యాయామాలు. యమున ఒక్క రోజు కూడా మానలేదు. నొప్పి నిజంగానే తగ్గింది. చెప్పు తనే వేసుకుంది. చంపావతి నది దాకా నడిచి వచ్చేది. నాకు కూడా ఆశ పుట్టింది. ఆమె కుట్లు మానినట్టే నేను చేసింది కూడా మానిపోతుందనుకున్నాను. బుద్ధి తక్కువ.

రెండేళ్ళు గడిచాక రైల్వే ట్రయల్స్ పడ్డాయి. ఇరవై ఐదు దాటితే పనికిరారు. యమునకి ఇరవై నాలుగు నిండి ఎనిమిది నెలలు. ఇదే ఆఖరుది. ఆ మాట వినగానే మాస్టారు ఇంటికి వచ్చారు. ఆయన ముఖంలో నిజమైన సంతోషం ఉంది.

"అడ్డమున్న బుడిపె తీసేసినారు కదే. మరింక బయమేటి? కూకో."

"కూకోదు మాస్టారూ" అన్నాను. "డాక్టరు వద్దన్నాడు."

"కూకోనప్పా" అంది యమున. "నిలబడే ఎత్తుతాను."

నిలబడి స్నాచ్ చెయ్యచ్చు. మోకాళ్ళు కాస్త వంచి బార్‌ని పైన పట్టుకోవడమే. అయితే మనిషి బార్ కిందికి వెళ్ళడు కాబట్టి బార్‌నే అంత ఎత్తుకి లాగాలి. అలా ఎత్తితే పది పదిహేను కిలోలు తగ్గిపోతాయి. ట్రయల్స్‌లో పనికి రావాలంటే డెబ్బై కావాలి. యమున నిలబడి అరవై దాకా లాగుతోంది. కూర్చుని ఎత్తిన రోజుల్లో ఆమె లెక్క డెబ్బై నాలుగు. ఆ పద్నాలుగు కిలోలు ఆమె తుంటిలో ఉన్నాయి.

ట్రయల్స్ రోజు నేను డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వెళ్ళాను. హాల్లో నలభై యాభై మంది ఉంటారు, ముప్పాతిక మంది మగవాళ్ళే. మాస్టారు ముందు వరసలో ఉన్నారు. యమున మొదటి ఎత్తు యాభై ఎనిమిది. నిలబడి ఎత్తింది. రెండోది అరవై రెండు. అదీ నిలబడే. అంతకు ముందు ఎప్పుడూ ఎత్తలేదు. అయినా చాలదు. మూడో ఎత్తుకి బార్ మీద ఎంత పెట్టమంటావని అడిగారు.

"డెబ్బై" అంది.

నేను లేచి నిలబడ్డాను. ఆమె నా వైపు చూసింది. వద్దని తలూపాను. ఏడేళ్ళు చెప్పాల్సిన మాట చెప్పనిదాని తల ఊపుకి విలువేముంటుంది. చేతులకి సుద్ద రాసుకుని వెళ్ళి బార్ పట్టుకుంది.

లాగింది. బార్ గుండెల దాకా వచ్చి ఆగబోతుండగా దాని కిందికి దూరింది. పూర్తిగా, మడమల దాకా కూర్చుంది. చేతులు పైన బిగిశాయి, బార్ కదల్లేదు. అంత చక్కగా కూర్చోవడం ఆమె పద్నాలుగేళ్ళప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను. మాస్టారు లేచి నిలబడ్డారు. "లెగు, లెగు" అంటున్నారు. హాలంతా అదే మాట.

లేవలేదు. బరువు ఆపలేక కాదు, చేతులు ఇంకా బిగిసే ఉన్నాయి. తుంటికి తాళం పడిపోయింది. ముఖంలో రక్తం చుక్క లేదు. బార్‌ని వెనక్కి వదిలేసింది. అది దొర్లుకుంటూ పోయింది. బరువు పోయినా ఆమె అలాగే గొంతుక్కూర్చుని ఉంది. కాలు చాపలేదు, పక్కకి ఒరగలేదు. అధికారి ఒకాయన వచ్చి లేమ్మా అన్నాడు.

నేను పరిగెత్తాను. వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి ఎత్తాను. నలభై తొమ్మిది కిలోలు. నేనెత్తిన వాటిలో అది పెద్ద బరువేం కాదు. పైకి వస్తున్నంతసేపూ ఆమె గొంతులోంచి ఒక సన్నటి శబ్దం వచ్చింది. షెడ్డులో వంద లెక్కపెట్టినప్పుడు బిగబట్టిన శబ్దమే అది అని నాకు తెలుసు.

బెంచీ మీద పడుకోబెట్టాను. మాస్టారు గబగబా వచ్చారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

"నడుమేనా? మళ్ళీ నడుమే పట్టేసిందా?"

యమున కళ్ళు మూసుకునే నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడైనా సెప్పప్పా. నొప్పెక్కడో."

నలభై మంది చూస్తున్నారు. యూనిఫాంలో ఉన్నాను. నా కుడిచెయ్యి నా గజ్జల్లో పెట్టుకుని, వేళ్ళు లోపలికి నొక్కి చూపించాను.

"ఇక్కడ మాస్టారూ. పదిహేనో ఏటి నుంచి ఇక్కడే. నాకు తెలుసు. తెలిసే దాని బుజాల మీద కూకున్నాను."

మాస్టారు నా చెయ్యి ఉన్న చోటు చూడలేక తల పక్కకి తిప్పుకున్నారు. నేను చెయ్యి తియ్యలేదు.